బృహత్సిరలోకి పాకిన కిడ్నీ కణితి: కత్తి చేయగలిగిన పని

సభలోని పెద్దలకు, వైద్య విద్యార్థులకు, మిత్రులకు నమస్కారం.

కిడ్నీలో పుట్టిన క్యాన్సర్ అక్కడే ఆగకుండా సిరలోకి ప్రవేశించి, ఆ దారిన శరీరంలోని అతి పెద్ద సిరలోకి, ఒక్కోసారి గుండె దాకా పాకినప్పుడు శస్త్రచికిత్స ఏం చేయగలదన్నది ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం. స్కాన్ రిపోర్టు చేత్తో పట్టుకుని వచ్చే బంధువులు దాదాపు అందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "గుండె దాకా పోయిందని రాశారు కదా డాక్టరుగారూ, ఇక కోసి మాత్రం ఏం లాభం?" అలా అడగడంలో తప్పేమీ లేదు. క్యాన్సర్ రక్తనాళంలోకి దిగిందంటే ఒళ్లంతా పాకినట్టేనని ఎవరికైనా అనిపిస్తుంది. కిడ్నీ క్యాన్సర్ దగ్గర మాత్రం ఆ లెక్క కుదరదు. ఎందుకు కుదరదో చెప్పడానికే ఈ గంట సమయం అడిగాను.

కిడ్నీ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే క్లియర్ సెల్ రకానికి రక్తనాళాలంటే మోజు ఎక్కువ. ఈ కణాల్లో వీహెచ్ఎల్ అనే జన్యువు దెబ్బతిని ఉంటుంది. ఆ జన్యువు సరిగ్గా పనిచేసినంత కాలం కణానికి ప్రాణవాయువు సరిపోతోందో లేదో తెలిపే వ్యవస్థ అదుపులో ఉంటుంది. అది పాడైతే కణం తనకు ఎప్పుడూ ఊపిరి అందనట్టే భావించి, కొత్త రక్తనాళాలు మొలిపించే రసాయనాలను విడవకుండా తయారు చేస్తుంది. గుండె పంపే రక్తంలో సుమారు అయిదో వంతు రెండు కిడ్నీలకే వెళుతుందని మీకు తెలుసు. అంత ప్రవాహం ఉన్న చోట, పలచని గోడలున్న చిన్న సిరల్లోకి కణితి చొచ్చుకుపోయి, ప్రవాహం ఎటు పోతే అటే తానూ పెరుగుతుంది. కిడ్నీ సిర దాటితే అధో బృహత్సిర, అంటే కాళ్ల నుంచీ పొట్ట నుంచీ రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర. అది దాటితే కాలేయం వెనక భాగం. ఆ పైన ఉదరవితానం, అంటే పొట్టనూ ఛాతీనీ వేరు చేసే కండరపు పొర. ఆ పైన గుండె కుడి కర్ణిక, అంటే సిరల రక్తం వచ్చి చేరే గుండె గది. కిడ్నీ క్యాన్సర్ వచ్చినవారిలో నూటికి నాలుగు నుంచి పది మందిలో ఇలా సిరలో కణితి తోక కనిపిస్తుంది. కర్ణిక దాకా చేరేది నూటికి ఒకరిలో అనుకోవచ్చు.

దీన్ని మేము ట్యూమర్ థ్రాంబస్ అంటాం. పాత నూతి పక్కన మర్రిచెట్టు ఉంటే దాని ఊడ గోడకు తగలకుండా నూతి మధ్యలో వేలాడుతుంది, చూశారా? మన థ్రాంబస్ చాలా సందర్భాల్లో అలాంటిదే, కాకపోతే ఇది పైకి సాగుతుంది. మొదలు కిడ్నీలో ఉంటుంది, చివర రక్తంలో తేలుతూ ఉంటుంది, మధ్యలో సిర గోడను పట్టుకోదు. అంటే ఈ తోక ఎంత పొడవున్నా ఒకే కణితికి సాగిన కొస, వేరే చోట మొలిచిన కొత్త కణితి కాదు. మొదలుతో పాటు దీన్ని తెగకుండా బయటికి లాగగలిగితే కణితి మొత్తం వచ్చేసినట్టే. గోడను పట్టుకున్నప్పుడు కథ వేరు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

కుడి ఎడమల తేడా ఒకటి ఇక్కడే చెప్పాలి. కుడి కిడ్నీ సిర పొట్టిది, రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లే. ఎడమ సిర ఆరు నుంచి పది సెంటీమీటర్ల పొడవుండి, గుండె నుంచి వచ్చే ప్రధాన ధమని అయిన బృహద్ధమని ముందుగా దాటి వస్తుంది. అందుకే బృహత్సిరలోకి చేరిన తోకల్లో కుడివైపువే ఎక్కువ. ఎడమ సిరలోకి అడ్రినల్ సిర, వృషణం లేదా అండాశయం నుంచి వచ్చే సిర, నడుము సిరలు కూడా కలుస్తాయి. ఈ పక్కదారుల సంగతి విద్యార్థులు గుర్తు పెట్టుకోవాలి, సిరను తాత్కాలికంగా బిగించే క్లాంపులు వేసేటప్పుడు దీనితో పని పడుతుంది.

లక్షణాల గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే చాలామందికి తోక వల్ల ప్రత్యేకంగా ఏ లక్షణమూ ఉండదు. మూత్రంలో రక్తం పడి స్కాన్ తీయిస్తే బయటపడుతుంది. సిర బాగా మూసుకుపోతే రెండు కాళ్లూ వాస్తాయి, పొట్ట మీద సిరలు తేలి కనిపిస్తాయి. కుడి వృషణం పైన సిరలు కొత్తగా ఉబ్బి, పడుకున్నా తగ్గకపోతే పొట్టకు స్కాన్ తీయించకుండా వదలకూడదు. తోక కాలేయ సిరల నోటిని మూసేస్తే పొట్టలో నీరు చేరుతుంది. ఆ రోగి పరిస్థితి మిగతా వారికంటే చాలా బరువైనది.

తోక కొస ఎంత ఎత్తుకు చేరిందన్నదాన్ని బట్టి స్థాయిలు చెబుతాం. మాయో క్లినిక్‌కు చెందిన నెవెస్, జింకే 1987లో ఇచ్చిన వర్గీకరణే ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉంది. కిడ్నీ సిర వరకే ఉంటే సున్నా. బృహత్సిరలోకి వచ్చినా కిడ్నీ సిర నోటికి రెండు సెంటీమీటర్ల లోపే ఉంటే ఒకటి. అంతకు మించినా కాలేయ సిరలకు దిగువన ఆగితే రెండు. కాలేయ సిరలు దాటి ఉదరవితానం కింద ఉంటే మూడు. ఉదరవితానం దాటి ఛాతీలోకో కర్ణికలోకో వెళితే నాలుగు. రోగి బంధువులు ఈ అంకెను క్యాన్సర్ దశతో కలిపేసుకుని, నాలుగు అని వినగానే కూలబడిపోతారు. ఆ అంకె ఆపరేషన్ ఎంత పెద్దదో చెబుతుంది. వేరే అవయవాలకు పాకనంత వరకు నాలుగో స్థాయి తోక ఉన్న మనిషి కూడా దశల పట్టికలో మూడో దశలోనే ఉంటాడు. నేను వార్డులో వైద్య విద్యార్థులను అందరికంటే ఎక్కువసార్లు మందలించింది బహుశా ఈ విషయం మీదే: బంధువులతో మాట్లాడేటప్పుడు స్థాయి అనండి, దశ అనకండి, రెండూ ఒకే నోట కలిపి అనకండి.

ఇప్పుడు స్కాన్. చాలా ఏళ్లు ఎంఆర్ఐ మాత్రమే నమ్మదగినదనేవారు. ఇప్పుడు మంచి సీటీ యంత్రంతో సరైన సమయంలో తీసిన బొమ్మలు దాదాపు అంతే చెబుతాయి. మూడు సంగతులు చూడాలి. కొస ఎక్కడుంది, సిర గోడను పట్టుకుందా, తోక కింద మామూలు రక్తపు గడ్డ కూడా పేరుకుందా. కణితికి రక్తప్రసారం ఉంటుంది కాబట్టి కాంట్రాస్ట్ మందు ఎక్కించినప్పుడు వెలుగుతుంది. ప్రవాహం ఆగి పేరుకున్న మామూలు గడ్డ వెలగదు.

ఇక్కడ నా సొంత పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. ఒక పెద్దాయనకు కుడి కిడ్నీలో కణితి, కొస కాలేయ సిరలకు కాస్త దిగువన ఉన్నట్టు స్కాన్. రక్తహీనత సరిచేయడం, గుండె పరీక్షలు, ఇంట్లో వాళ్ల తర్జనభర్జనలు, వీటన్నిటితో అయిదు వారాలు గడిచిపోయాయి. పాత స్కానునే నమ్ముకుని ఆపరేషన్‌కు తీసుకున్నాను. మత్తు ఇచ్చాక అన్నవాహిక ద్వారా గుండెను చూసే ఎకో ప్రోబ్ పెట్టిన మత్తు డాక్టరు ఒక నిమిషం మాట్లాడకుండా తెర వైపే చూసి, "సార్, ఒకసారి ఇటు రండి" అన్నారు. తెర మీద ప్రతి గుండె చప్పుడుకూ వేలి కొసంత నీడ ఒకటి కర్ణిక గుమ్మంలోకి తొంగిచూసి వెనక్కి జరుగుతోంది. ఆ రోజు గుండె శస్త్రచికిత్స బృందం సిద్ధంగా లేదు. కోత పెట్టకుండానే ఆయన్ను మేల్కొలిపి, బయట ఎదురుచూస్తున్న కుటుంబానికి ఎందుకు ఆపామో నేనే వెళ్లి చెప్పాను. అంత ఇబ్బందిగా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. అప్పటి నుంచి ఆపరేషన్‌కు ముందు వారం, మహా అయితే రెండు వారాల లోపు తీసిన బొమ్మ లేకుండా నేను థియేటర్‌లోకి వెళ్లను. తోక అంత త్వరగా పెరగగలదు.

ఆపరేషన్‌కు ముందు చేసే కొన్ని పనుల మీద మా వాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. గడ్డలు ఊపిరితిత్తులకు పోకుండా సిరలో జల్లెడ లాంటి ఫిల్టర్ పెట్టించుకుని వచ్చేవారున్నారు. అది నాకు నచ్చదు. కణితి ఆ ఫిల్టర్ తీగల్లోకి అల్లుకుపోతే, తేలుతున్నదాన్ని మన చేతులారా గోడకు కుట్టినట్టవుతుంది. మామూలు గడ్డ ఉంటే హెపారిన్ లాంటి రక్తం పలచబరిచే మందు ఇవ్వడం మేలు. కిడ్నీ ధమనిని ముందే లోపలి నుంచి మూసేసే ఎంబలైజేషన్ కూడా కొందరు అలవాటుగా చేయిస్తారు. దానివల్ల ప్రతి రోగికీ లాభం ఉందని అధ్యయనాలు తేల్చలేదు, నొప్పీ జ్వరమూ మాత్రం తప్పవు. ధమనిని ముందుగా చేరుకోవడం కష్టమని స్కాన్‌లో తోచిన కొద్దిమందికే నేను దాన్ని వాడతాను.

ఈ శస్త్రచికిత్సకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. బృహత్సిరను తెరిచి కణితిని తీసిన పద్ధతిని బెర్గ్ 1913లోనే రాశాడు. 1963లో రాబ్సన్ కిడ్నీని చుట్టూ ఉన్న కొవ్వుతో, పొరతో కలిపి ఏకమొత్తంగా తీయడాన్ని, అంతకంటే ముందు రక్తనాళాలను కట్టడాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టాడు. సిరలో కణితి ఉన్నా ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి బతకవచ్చని 1972లో స్కినర్ బృందం చూపించింది. 1980లలో గుండె శస్త్రచికిత్స వాళ్ల యంత్రాలు, ఆ తర్వాత కాలేయ మార్పిడి వాళ్ల చేతి నేర్పు ఈ పనిలోకి వచ్చి చేరాయి. కిడ్నీ సర్జన్ ఒక్కడూ చేసే పని కాకుండా పోయింది, అది మంచికే జరిగింది.

కుడివైపు రెండో స్థాయి తోకను తీయడం ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూపిస్తాను. మొదటి సూత్రం, సిరను వీలైనంత వరకు తాకకపోవడం. తేలుతున్న కొస తెగిందంటే క్షణాల్లో ఊపిరితిత్తి ధమనికి చేరి ప్రాణం తీయవచ్చు. కాబట్టి ముందు ధమనిని పట్టుకోవాలి. కుడి కిడ్నీ ధమని బృహత్సిర వెనకగా పోతుంది. దాన్ని సిర అవతల, బృహద్ధమనికీ బృహత్సిరకూ మధ్యనున్న సందులో వెతికి కడతాం. ముడి బిగిసిన కొద్దిసేపటికే తేడా వేళ్లకు తెలుస్తుంది. బిగుసుకుని కొట్టుకుంటున్న కిడ్నీ మెత్తబడుతుంది, పైన వానపాముల్లా ఉబ్బి ఉన్న పక్కసిరలు చప్పబడతాయి. అప్పటిదాకా ఏది ముట్టుకున్నా రక్తం కారిన చోట పని ఒక్కసారిగా సుళువవుతుంది. ధమని కట్టకుండా కిడ్నీని కదిలించే తొందర ఉన్నవాళ్లు ఈ ఆపరేషన్ జోలికి రాకపోవడమే మంచిది.

తర్వాత బృహత్సిరను చుట్టూ విడదీసి, వెనక నుంచి వచ్చి కలిసే నడుము సిరలను ఒక్కొక్కటిగా కట్టాలి. వీటిలో ఒక్కటి మిగిలినా, అన్ని క్లాంపులూ వేశాక కూడా కోతలోంచి రక్తం ఊరుతూనే ఉంటుంది, ఎక్కడి నుంచి వస్తోందో అంతు చిక్కదు. క్లాంపుల వరుస ముందే అందరికీ చెప్పి ఉంచుతాం: కిడ్నీల దిగువన బృహత్సిర, ఆ తర్వాత ఎడమ కిడ్నీ సిర, చివరగా తోక కొసకు పైన బృహత్సిర. మత్తు డాక్టరుకు చెప్పి, బీపీ నిలబడుతోందని నిర్ధారించుకున్నాక, కుడి కిడ్నీ సిర నోటి చుట్టూ కోత పెడతాం. లోపల తోక కనిపిస్తుంది. ముదురు ఎరుపు రక్తంలో అది లేత పసుపు, గోధుమ రంగుల మధ్య మెరుస్తూ, పైన నున్నటి పొర కప్పుకుని ఉంటుంది. గోడకు అంటకపోతే వేలి మొనతో చుట్టూ ఒక్కసారి తిప్పగానే ఒర నుంచి కత్తి వచ్చినట్టు జారి వచ్చేస్తుంది. అది మొత్తంగా వచ్చిందా, కొస గుండ్రంగా ఉందా, తెగినట్టు చిరుగులుగా ఉందా అని చూస్తాం. లోపలి గోడను హెపారిన్ కలిపిన సెలైన్‌తో కడిగి వెతుకుతాం. సన్నని పాలీప్రొపిలిన్ దారంతో సిరను మూస్తూ, చివరి ముడి వేయడానికి ముందు కింది క్లాంపును కాస్త వదులు చేస్తాం. అడుగు నుంచి రక్తం నిండుతూ లోపలి గాలిని, మిగిలిన చెత్తను బయటికి తోసేస్తుంది. ఆ గాలి గుండెకు చేరితే అదీ ప్రమాదమే. అప్పుడు ముడి బిగించి, క్లాంపులు వేసిన వరుసకు ఎదురు వరుసలో తీస్తాం. ఇందాక చెప్పిన పక్కదారుల వల్ల ఎడమ కిడ్నీ ఈ విరామాన్ని బాగానే తట్టుకుంటుంది. కణితి ఎడమవైపుదైతే మూయాల్సింది కుడి కిడ్నీ సిరను. దానికి అలాంటి పక్కదారులు లేవు కాబట్టి గడియారం వైపు ఎక్కువగా చూస్తాం.

మూడో స్థాయిలో పని కాలేయం చుట్టూ తిరుగుతుంది. దాన్ని పట్టి ఉంచే బంధనాలన్నీ విడదీసి, పుస్తకంలో పేజీ తిప్పినట్టు ఎడమకు తిప్పితే వెనకనున్న బృహత్సిర బయటపడుతుంది. కాలేయం నుంచి నేరుగా అందులోకి వచ్చే చిన్న చిన్న సిరలను కట్టాలి. పలచని ఆ సిరల్లో ఒకటి చిరిగితే ఆ పూట అక్కడే గడిచిపోతుంది. కాలేయానికి రక్తం తెచ్చే దారిని తాత్కాలికంగా బిగించే పద్ధతిని ప్రింగిల్ 1908లో గాయపడిన కాలేయాల కోసం చెప్పాడు, అదే ఇక్కడా మనకు అక్కరకొస్తుంది. వీలైతే కొసను వేళ్లతో నెమ్మదిగా కాలేయ సిరల కిందికి జార్చి, ఆ పైన క్లాంపు వేస్తాం. అప్పుడు మూడో స్థాయి రెండో స్థాయిలా మారిపోతుంది.

నాలుగో స్థాయిలో ఛాతీ ఎముకను తెరిచి, గుండె ఊపిరితిత్తుల పనిని తాత్కాలికంగా చేసే హార్ట్ లంగ్ మెషిన్‌కు కలపాల్సి రావచ్చు. శరీరాన్ని సుమారు 18 డిగ్రీల దాకా చల్లబరిచి, రక్తప్రసారాన్నే ఆపి, రక్తం లేని కర్ణికలోకీ సిరలోకీ నేరుగా చూస్తూ తీయడం ఒక పద్ధతి. మెదడు దాన్ని అరగంట, నలభై నిమిషాల వరకు తట్టుకుంటుంది. ఆ స్పష్టతకు తగ్గ మూల్యం ఉంది: రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతిని, తిరిగి వేడి చేశాక గంటల తరబడి కారుతూనే ఉంటుంది. అందుకే కొస చిన్నదై, తేలుతూ ఉంటే, ఉదరవితానాన్ని తెరిచి పొట్ట వైపు నుంచే కిందికి జార్చే ప్రయత్నం చేసేవారున్నారు. నా మొగ్గు కూడా అటే, అయితే ఆ ప్రయత్నం చేసేటప్పుడు గుండె సర్జన్ పక్క గదిలో కాదు, చేతులు కడుక్కుని బల్ల దగ్గరే ఉండాలి.

ఇక గోడను పట్టుకున్న తోక. అప్పుడు ఆ మేరకు గోడనే కోసి తీయాలి. మిగిలిన సిర సగానికి మించి సన్నబడితే పశువుల గుండె పొరతో తయారైన పట్టీనో కృత్రిమ గొట్టాన్నో అతుకుతాం. సిర ఎప్పటి నుంచో పూర్తిగా మూసుకుపోయి, శరీరం సొంతంగా పక్కదారులు వేసుకుని ఉంటే అతకకుండా కట్టేసి వదిలేయవచ్చు, కాళ్ల వాపు చాలామందిలో భరించగలిగినంతే ఉంటుంది. రోబో సాయంతో ఈ ఆపరేషన్లు 2011 ప్రాంతం నుంచి ప్రచురణల్లో కనిపిస్తున్నాయి, పై స్థాయిల్లో కూడా చేసినవారున్నారు. బాగా చేయగలిగిన చేతుల్లో అది మంచిదే. నేర్చుకుంటున్న చేతులకు ఇది చోటు కాదు.

ప్రమాదం ఎంత అని అడుగుతారు. దాచి లాభం లేదు. ఆపరేషన్‌లో, ఆ వెంటనే వచ్చే రోజుల్లో మరణాలు కింది స్థాయిల్లో తక్కువే, స్థాయి పెరిగే కొద్దీ పెరుగుతాయి. కర్ణిక దాకా వెళ్లినవారిలో నూటికి పది, ఆ పైన కూడా కొన్ని నివేదికల్లో కనిపిస్తుంది. త్రాసు రెండో పళ్లెంలో ఏముందో కూడా చూడాలి. ఏ చికిత్సా లేకుండా వదిలేస్తే చాలామందికి మిగిలేది నెలలే. వేరే చోటికి పాకకుండా, మొత్తం తీయగలిగిన వారిలో అయిదేళ్ల తర్వాత నూటికి నలభై నుంచి అరవై అయిదు మంది దాకా జీవించి ఉంటున్నారు. ఆ తేడాను నిర్ణయించేవి లింఫు గ్రంథులు, దూర వ్యాప్తి, కణాల ఉగ్రత, సిర గోడలోకి చొచ్చుకుపోవడం. తోక పొడవుకు వీటి ముందు అంత బలం లేదు.

ఊపిరితిత్తులకో ఎముకలకో పాకినవారిలో నిర్ణయం కష్టం. 450 మందితో జరిగిన కార్మెనా అధ్యయనం 2018లో, అలాంటివారిలో కొందరికి కిడ్నీ తీయకుండా సునిటినిబ్ మందు ఒక్కటే ఇచ్చినా ఫలితం తీసిపోదని చూపింది. దాని తర్వాత ముందుగా మందులు మొదలుపెట్టి చూడటం పెరిగింది. అయితే కాళ్లు వాచి, పొట్టలో నీరు చేరుతున్న మనిషికి సిర మూసుకుపోవడమే మొదటి శత్రువు, ఆయన విషయంలో ఆ అధ్యయనాన్ని యథాతథంగా వర్తింపజేయలేం. ముందే మందులిచ్చి తోకను కుదించవచ్చా అని ఆక్సిటినిబ్‌తో ఇరవై మందిలో చేసిన నాక్సివా ప్రయత్నంలో ఏడుగురిలో స్థాయి తగ్గింది. ఆసక్తికరమే, కానీ మిగతా పదముగ్గురి సంగతి నేను మర్చిపోలేను. ఆపరేషన్ తర్వాత ఏడాది పాటు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఇవ్వడం వల్ల క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గిందని, ఆయుష్షు కూడా పెరిగిందని 994 మందితో జరిగిన అధ్యయనం 2021లో, 2024లో వెలువరించిన ఫలితాల్లో తేలింది. సిరలో తోక ఉన్నవారు ఆ మందు గురించి తమ వైద్యునితో తప్పక మాట్లాడాలి.

ఆ పెద్దాయన సంగతి చెప్పి ముగిస్తాను. రెండు రోజుల తర్వాత గుండె బృందంతో కలిసి ఆయనకు ఆపరేషన్ చేశాం, కర్ణిక గుమ్మంలో ఆడుతున్న ఆ కొస చెక్కుచెదరకుండా వచ్చింది. పరీక్ష నివేదికలో నేను ముందుగా వెతికిన వాక్యం సిర గోడ అంచు గురించిన వాక్యం: కోసిన అంచు దగ్గర గోడలో కణితి లేదని ఉంది. తోక కొస అంచు దాటి బయటికి పొడుచుకుని ఉన్నా, అది గోడను పట్టుకోనంత వరకు అంచు శుభ్రమైనదిగానే లెక్క; నివేదిక చదివేటప్పుడు విద్యార్థులు తికమకపడేది ఇక్కడే. మూడో ఏడు ఊపిరితిత్తిలో చిన్న మచ్చ ఒకటి కనిపించింది, మందులు మొదలుపెట్టాం, అది పెరగకుండా ఉంది. ఆయనకు తర్వాతి స్కాన్ వచ్చే నెలలో ఉంది.